దిద్దక్కర్లేని కాగితం

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. బీకాం అయిపోయింది, గుడివాడలో ఖాళీగా కూర్చోలేక బెజవాడ వెళ్లి టైపు, ట్యాలీ, ఆఫీసు పని నేర్చుకుంటానంటే స్నేహితురాళ్లు నవ్వుతున్నారని రాశావు. ‘ఉత్తరాలు ఏఐ రాస్తుంది, లెక్కలు సాఫ్ట్‌వేర్ వేస్తుంది, ఇంకా నువ్వు గుమాస్తా పని నేర్చుకోవడమేంటి, అందరిలా అమీర్‌పేట పోయి ఏదో ఒక కోర్సు చెయ్యి’ అన్నారట. వాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. అయితే నువ్వు నేర్చుకోబోయే పని ఏమిటో వాళ్లకి సరిగ్గా తెలియదు. ఆ మాటకొస్తే, దాన్ని నేర్పుతామని బోర్డులు కట్టుకున్న చాలామందికీ తెలియదు. ఆఫీసు పని అంటే వేళ్ల వేగమూ కాదు, నాలుగు సాఫ్ట్‌వేర్ల పేర్లూ కాదు. నీ చేతి మీదుగా బయటికి పోయిన కాగితాన్ని ఇంకొకరు మళ్లీ దిద్దాల్సిన పని లేకపోవడం. ఈ ఒక్క మాట పట్టుకుని ఆలోచిస్తే ఏ కోర్సులో చేరాలో, ఏది డబ్బు దండగో నీకే తేలిపోతుంది.

టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలం నుంచి మొదలుపెడతాను, వేళ్ల వేగమే పని అన్న అపోహ పుట్టింది అక్కడే కనుక. గోద్రెజ్ కంపెనీ మన దేశంలో టైపు మిషన్లు తయారు చేయడం మొదలుపెట్టింది 1955లో. అప్పటి నుంచి కంప్యూటర్లు వచ్చేదాకా, పరీక్షలు రాసిన పిల్లలు వేసవిలో టైపుకి వెళ్లడం మన వైపు మామూలు సంగతి. ఎడమ చేత్తో ‘ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్’, కుడి చేత్తో ‘సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె’ అని పేజీలకు పేజీలు కొట్టించేవారు. లోయర్ పరీక్ష అంటే నిమిషానికి 30 పదాలు, హయ్యర్ పరీక్ష అంటే 45. జనానికి గుర్తుండిపోయినవి ఈ అంకెలే. కానీ ఆ పరీక్షలో వేగం ఒక పేపరు మాత్రమే. రెండో పేపరులో ఉత్తరాన్ని, పట్టికను, కొట్టివేతలతో నిండిన చేతిరాత ప్రతిని చూసి శుభ్రమైన కాగితంగా మార్చి చూపించాలి. అంచు ఎంత వదలాలి, అంకెలు ఒకదాని కింద ఒకటి ఎలా నిలవాలి, చేతిరాతలో రాసినవాడు కొట్టేసింది ఏది, ఉంచింది ఏది అన్నవి అక్కడ తేలేవి. పైగా రెండు కార్బన్లు పెట్టి కొట్టేటప్పుడు ఒక్క అక్షరం తప్పితే మూడు కాగితాల మీదా చెరపాలి. తప్పు అంత ఖరీదైనది కాబట్టి కొట్టే ముందే చూసుకోవడం అలవాటయ్యేది. కంప్యూటరు వచ్చి ఆ ఖరీదును తీసేసింది. తప్పులు మాత్రం ఎక్కడికీ పోలేదు. వెనకటి కన్నా వేగంగా, ఎక్కువమందికి చేరుతున్నాయి.

ఈ మాటకు గట్టి సాక్ష్యం స్టెనోగ్రాఫర్ పరీక్షలోనే ఉంది. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ గ్రేడ్-డి స్టెనో పరీక్షలో నిమిషానికి 80 పదాల చొప్పున పది నిమిషాలు డిక్టేషన్ ఇస్తారు. షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్న ఆ గీతల్ని కంప్యూటరు మీద ఇంగ్లిషులో మామూలు రాతగా మార్చడానికి ఇచ్చే సమయం 50 నిమిషాలు. వినడానికి ఒక వంతు, విన్నదాన్ని తప్పు లేకుండా నిలబెట్టడానికి అయిదు వంతులు. పరీక్ష పెట్టేవాడికి ఈ పనిలో బరువు ఎటు ఉందో తెలుసు. మన కోచింగు సెంటర్లు మాత్రం ఆ ఒక్క వంతునే బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తాయి.

ఇక ఈనాటి బెజవాడకు వద్దాం. ఈ ఊరు ప్రధానంగా సరుకు కొని, అమ్మి, ఎగుమతి చేసే ఊరు. వన్‌టౌన్‌లో వస్త్రలత, కాళేశ్వరరావు మార్కెట్, ఇటు గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సు, అటు ఆటోనగర్. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఇక్కడి ప్రతి కొట్లోనూ చిఠ్ఠా, ఆవర్జాల స్వరూపం మారిపోయింది. ఒక సంగతి దగ్గర నుంచి చూపిస్తాను. జీఎస్టీ నంబరులో 15 స్థానాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మనకు 37, తెలంగాణకు 36. తర్వాతి పది స్థానాలు యజమాని పాన్ నంబరు. చిట్టచివరిది సరిచూసే అక్షరం, మధ్యలో ఏదో ఒకటి తప్పు కొడితే సాధారణంగా కంప్యూటరే తిప్పికొడుతుంది. మరి గుమాస్తా ఎందుకు అంటావా? ఒకే యజమానికి వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టు, హైదరాబాద్‌లో ఇంకొకటి ఉన్నాయనుకో. సూరత్ నుంచి సరుకు బెజవాడ వచ్చింది, బిల్లు మీద మాత్రం 36తో మొదలయ్యే నంబరు పడింది. మధ్యలో పాన్ అదే, నంబరు అసలైనదే, దేశంలో ఏ సాఫ్ట్‌వేరూ అభ్యంతరం చెప్పదు. సూరత్ వ్యాపారి వచ్చే నెల 11లోగా తన అమ్మకాల రిటర్ను వేసేస్తాడు. 14వ తేదీన జీఎస్టీ పోర్టల్‌లో తయారయ్యే పట్టికలో ఆ కొనుగోలు బెజవాడ కొట్టు ఖాతాలో కనిపించదు, హైదరాబాద్ ఖాతాలో కూర్చుంటుంది. 20వ తేదీకి ఇక్కడి రిటర్ను వేసేటప్పుడు ఆ బిల్లు మీద కట్టిన పన్ను మినహాయించుకునే వీలు లేక చేతి డబ్బు పెట్టాల్సి వస్తుంది. సరుకు దిగిన రోజే బిల్లు చేతిలోకి తీసుకుని, పైన మొదటి రెండు అంకెలు చూసి, ‘ఇది మన నంబరు కాదు, సరిచేసి పంపండి’ అని సూరత్‌కి ఫోను చేసిన అమ్మాయి ఆ నెల జీతాన్ని అక్కడే సంపాదించినట్టు లెక్క.

లారీల విషయమూ అంతే. 50 వేల రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. చెన్నై ఇక్కణ్ణుంచి సుమారు 450 కిలోమీటర్లు, అంటే మూడు రోజులు. బండి నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పు పడితే దాన్ని చిన్న తప్పుగా చూసి, కేంద్ర, రాష్ట్ర చట్టాల కింద చెరో 500 రూపాయలు జరిమానాతో సరిపెట్టమని 2018 సెప్టెంబరులో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. డబ్బు చిన్నదే. ఆ వెయ్యి తేలేదాకా లారీ రోడ్డు పక్కన నిలబడి ఉంటుందే, దానికి ఏ సర్క్యులరూ లేదు. దారిలో బండి చెడి సరుకు వేరే బండిలోకి మారిస్తే కొత్త నంబరు ఎక్కించాలన్న సంగతి, ఆ సమయానికి ఆఫీసులో ఉన్న మనిషికి గుర్తుండాలి. ఇవన్నీ ట్యాలీ మెనూలో ఏ మీట నొక్కాలో నేర్పినంత మాత్రాన రావు.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి, మన కోర్సుల్లో దాన్ని అడిగే నాథుడు లేడు కనుక. రాష్ట్రంలో అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక అర్జీలు, దరఖాస్తులు, నోటీసులు తెలుగులో ఇంకా పెరిగాయి. అయినా డిగ్రీ చదివిన పిల్లలు ఒక పేజీ తెలుగు అర్జీ రాయడానికి తడబడతారు. ‘పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా’ అని నాలుగు వరుసలు గడిపి, అసలు ఏం కావాలో చివర్న ఇరికిస్తారు. అర్జీ చదివే అధికారికి మొదటి రెండు వాక్యాల్లో తెలియాల్సినవి నాలుగే: ఎవరు, ఏ సర్వీసు నంబరు లేదా సర్వే నంబరు, ఎప్పటి నుంచి, ఏం చేయాలి. టైపులో ఇంకో చిక్కు. డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా వాడుతున్న అను ఫాంట్లు అచ్చుకి బాగుంటాయి గానీ, ఆ అక్షరాల్ని ఈ-మెయిల్లోకో ప్రభుత్వ వెబ్‌సైటులోకో తెచ్చి పెడితే అర్థంకాని గుర్తులు వస్తాయి. కంప్యూటర్లన్నీ ఒకేలా చదివేది యూనికోడ్ తెలుగు, దానికి కేంద్ర ప్రభుత్వం ప్రామాణికంగా ఖరారు చేసిన కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్. అను, యూనికోడ్ రెండింటిలో ఏది ఎప్పుడు వాడాలో తెలిసిన మనిషి ఆఫీసులో ఒక్కరున్నా, ఒకే నోటీసును రెండుసార్లు కొట్టే బాధ తప్పుతుంది.

ఇప్పుడు నీ స్నేహితురాళ్ల అసలు వాదన. ఏఐ ఉత్తరం రాస్తుంది, నిజం. నోటితో చెబితే టైపు చేస్తుంది, అదీ నిజం. ఉత్త టైపు కొట్టి బతికే ఉద్యోగాలు చాలావరకు పోయాయి, మిగిలినవీ పోతాయి. వాటి కోసమే అయితే బెజవాడ బస్సు ఎక్కవద్దనే నేనూ చెబుతాను. కానీ యజమాని ‘మొన్న ఫోన్లో చెప్పిన రేటుకే రాసెయ్’ అన్నప్పుడు ఆ మొన్న ఏది, ఆ రేటు ఎంత, దానికి రవాణా ఖర్చు కలిసి ఉందా లేదా అన్నది మిషనుకు తెలియదు. తెలియదని ఆగదు కూడా, ఏదో ఒకటి చక్కని వాక్యంలో పెట్టి ఇస్తుంది. అది కొట్టు పేరు మీద బయటికి పోతే మాటిచ్చినట్టే. రాత ఎంత తేలికైతే, రాసినదాన్ని సరిచూసి ‘ఇది పంపొచ్చు’ అనగలిగిన మనిషి అవసరం అంత పెరుగుతుంది. సూరత్ బిల్లులో జరిగింది ఇదే కదా, మిషను పట్టుకోగలిగిన తప్పుల్ని అది పట్టుకుంది, మిగిలింది మనిషికి వదిలింది. అందుకే ఏఐని దూరం పెట్టమని అనను. దానితోనే ముసాయిదా రాయించు, ఆ తర్వాత ప్రతి పేరు, ప్రతి తేదీ, ప్రతి అంకె అసలు కాగితంతో పోల్చి చూడు.

‘బీకాంలో అకౌంట్స్ చదివావు కదా, మళ్లీ ఎందుకు’ అని మీ నాన్న అడగొచ్చు. చదివింది వ్యర్థం కాదు, డెబిట్, క్రెడిట్ తెలియకుండా ట్యాలీ పట్టుకున్నవాళ్ల కన్నా నువ్వు ఎంతో ముందున్నావు. అయితే పాఠ్యపుస్తకంలో లావాదేవీ ఒక వాక్యంగా శుభ్రంగా రాసి ఉంటుంది. కొట్లో అది నలిగిన లారీ రసీదుగా, ఫోన్‌పే మెసేజ్‌గా, ‘ఆయనకి పాత బాకీలో జమ వెయ్’ అన్న నోటి మాటగా వస్తుంది. ఆ ముక్కల్లోంచి వోచరు తయారు చేయడం పుస్తకం నేర్పలేదు. బ్యాంకు స్టేట్‌మెంటును, మన పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పట్టుకోవడం పది నెలల లెక్కల మీద పది సార్లు చేస్తే తప్ప రాదు.

జీతం, గౌరవం సంగతి దాచను. కొట్లో మొదటి జీతం తక్కువే, రెండేళ్లదాకా పెద్దగా పెరగకపోవచ్చు. అమీర్‌పేటలో కోర్సు చేసి నిజంగా ఉద్యోగం సంపాదించినవాళ్లకి నీ కన్నా ఎక్కువే వస్తుంది. కానీ అక్కడ హాస్టలు, ఫీజు కట్టుకుని ఏడాది ఎదురు చూసే స్తోమత, ప్రోగ్రామింగు మీద ఇష్టం రెండూ ఉన్నవాళ్లకే అది సరైన దారి. నీ ఉత్తరంలో ఆ ఇష్టం నాకు కనిపించలేదు. గవర్నమెంటు ఉద్యోగం ఆశ ఉంటే ఈ దారి దానికి అడ్డు కూడా కాదు. 2019లో రాష్ట్ర హైకోర్టు అమరావతికి వచ్చింది. జిల్లా కోర్టుల కోసం 2022లోనూ, 2025లోనూ ఇచ్చిన నోటిఫికేషన్లలో స్టెనోగ్రాఫర్, టైపిస్ట్, కాపీయిస్ట్ ఉద్యోగాలు ఉన్నాయి. వాటికి సాంకేతిక విద్యా మండలి ఇచ్చే టైపు, షార్ట్‌హ్యాండ్ సర్టిఫికెట్లు అక్కరకొస్తాయి. పిట్మన్ అనే ఆయన 1837లో ప్రచురించిన షార్ట్‌హ్యాండ్ గీతలు ఇంకా అన్నం పెడుతున్నాయంటే వింతే మరి. షార్ట్‌హ్యాండ్ మాత్రం ఏడాదికి పైగా రోజూ కూర్చుంటే గానీ పట్టుబడదు, కోర్టు ఉద్యోగం మీద గట్టి పట్టుదల ఉంటేనే దాని జోలికి వెళ్లు.

గౌరవం గురించి ఇంకో మాట. ఆఫీసులో జీతాల పట్టీ, బాకీల జాబితా, యజమాని ఎవరితో ఏ రేటు మాట్లాడుతున్నాడో తెలిపే మెయిళ్లు అన్నీ నీ కళ్ల ముందు నుంచే పోతాయి. అవి ఆఫీసు గుమ్మం దాటి ఇంటి భోజనాల దగ్గరికి గానీ, వాట్సాప్ గ్రూపుల్లోకి గానీ రాకూడదు. ఈ ఒక్క కట్టుబాటు ఉన్న మనిషిని ఏ యజమానీ తేలిగ్గా వదులుకోడు.

కోర్సు ఎంచుకునేటప్పుడు ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న మాట కనిపిస్తే అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడకు. మిగిలిన చోట లోపలికి వెళ్లి, కిందటి బ్యాచ్ పిల్లలు చేసిన పని చూపించమని అడుగు. బిల్లుల కట్ట ఇచ్చి నెల లెక్క పూర్తిగా వేయించారా, ఉత్తరాలు ఎర్ర సిరాతో దిద్ది తిరిగి రాయించారా, మీటింగు మినిట్స్ ఎప్పుడైనా రాయించారా, తెలుగు టైపు యూనికోడ్‌లో నేర్పుతారా అని కనుక్కో. సర్టిఫికెట్ నమూనా తప్ప ఇంకేమీ చూపించలేనివాళ్లకి నమస్కారం పెట్టి వచ్చెయ్. ఇంటర్ చదివే మీ తమ్ముడికి లెక్కల మీద భయం పోకపోతే, పాలిటెక్నిక్‌లో డీసీసీపీ అనే మూడేళ్ల డిప్లొమా ఉందని కూడా చెప్పు. టైపు, షార్ట్‌హ్యాండ్, అకౌంట్స్ మూడూ అందులోనే నేర్పుతారు.

ఫీజు కట్టే ముందు నా కోసం రెండు కాగితాలు తయారు చెయ్యి. ఒకటి, మన ఇంటి కరెంటు మీటరు మార్చమని విద్యుత్ శాఖ వారికి యూనికోడ్ తెలుగులో ఒక పేజీ అర్జీ. రెండోది, మీ నాన్న ఎరువుల కొట్లో కిందటి నెల కొనుగోలు బిల్లులన్నిటికీ ఒక పట్టిక, తేదీ, అమ్మినవాడి జీఎస్టీ నంబరు, విలువ, పన్ను విడివిడిగా. ఎవరితోనూ దిద్దించకుండా నీకు సరిపోయిందని అనిపించాక పంపు. చూసి, ఏ కోర్సులో చేరాలో అప్పుడు ఖాయం చేద్దాం. మీ నాన్నతో ఫీజు సంగతి నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న
విజయవాడ