ఆంప్లిఫయర్ ఐసీకి హీట్‌సింక్: మన ఎండకు మన లెక్క

మన హాస్టళ్లలో ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇష్టపడి చేసే ప్రాజెక్టు ఆంప్లిఫయర్. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మీద మైకు సెట్ల మోత వింటూ పెరిగిన వాళ్లం కాబట్టి ఆ ఇష్టం సహజమే. సర్క్యూట్లు పుస్తకాల్లో దొరుకుతాయి. కానీ హీట్‌సింక్ ఎంతది కావాలో, ఎలా బిగించాలో చాలా పుస్తకాలు వివరించవు. కూడబెట్టిన డబ్బుతో కొన్న ఐసీ మాడిపోయేది అక్కడే. అందుకే మేము ఈ విషయాన్ని ఎంచుకున్నాం.

వేడి ఎంత?

టీడీఏ 2030 అనే 5 కాళ్ల ఐసీని తీసుకుందాం. ప్లస్ 14, మైనస్ 14 వోల్టుల సప్లై మీద 4 ఓమ్‌ల స్పీకరుకు ఇది సుమారు 14 వాట్లు ఇస్తుంది. తీసుకున్న విద్యుత్తంతా స్పీకరుకు చేరదు. గరిష్ఠంగా 10 వాట్ల వరకు ఐసీలోనే వేడిగా మిగులుతుంది. లోపలి చిప్ 150 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరితే ఐసీ తనను తాను కాపాడుకోవడానికి అవుట్‌పుట్ తగ్గించేస్తుంది. మనం 125 డిగ్రీలు దాటకుండా చూసుకుందాం.

లెక్క

ఇంటర్మీడియట్‌లో చదివిన ఓమ్ నియమం లాంటిదే ఇది. వోల్టేజి బదులు ఉష్ణోగ్రతల తేడా, కరెంటు బదులు వేడి వాట్లు, నిరోధం బదులు ఉష్ణ నిరోధం అనుకోండి.

గాలి 25 డిగ్రీలుంటే తేడా 100. దాన్ని 10 వాట్లతో భాగిస్తే మొత్తం ఉష్ణ నిరోధం వాటుకు 10 డిగ్రీలు. ఇందులో ఐసీ లోపలి వాటా 3, మైకా, పేస్టుల వాటా సుమారు 1. హీట్‌సింకుకు మిగిలేది 6.

కానీ మనది పల్నాడు. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. కొండవీడు కొండల కింద వేసవి గాలిని 45 డిగ్రీలుగా తీసుకుంటే తేడా 80 మాత్రమే. మొత్తం 8, హీట్‌సింకుకు మిగిలేది 4. ఈ అంకె ఎంత తగ్గితే హీట్‌సింక్ అంత పెద్దది కావాలి. 25 డిగ్రీల లెక్కతో కొన్నది మన మే నెలకు చాలదు. 3 మిల్లీమీటర్ల మందం, 15 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల అల్యూమినియం పలకను గాలి తగిలేలా నిలబెడితే ఇంచుమించు సరిపోతుంది.

బిగించే పద్ధతి

1. రంధ్రం చుట్టూ లేచిన అంచును ఆకురాయితో తీసి, ఎమెరీ పేపరుతో నున్నగా చేయాలి.

2. ఈ ఐసీ వెనుక రేకు 3వ కాలికి, అంటే మైనస్ సప్లైకి, లోపలే కలిసి ఉంటుంది. ఆ రేకు హీట్‌సింక్ ద్వారా ఎర్త్ చేసిన ఇనుప పెట్టెకు తగిలితే సప్లై షార్ట్ అవుతుంది. అందుకే మధ్యలో మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. 12 వోల్టుల బ్యాటరీ మీద సింగిల్ సప్లైతో నడిపితే 3వ కాలు గ్రౌండే కాబట్టి మైకా అవసరం లేదు.

3. మైకాకు రెండు వైపులా తెల్ల పేస్టు పలుచగా రాయాలి. సందుల్లోని గాలిని తొలగించడమే దాని పని. మందంగా పూస్తే అదే వేడికి అడ్డవుతుంది.

4. ముందు స్క్రూ బిగించి, తర్వాతే కాళ్లు సోల్డర్ చేయాలి. లేకపోతే కాళ్ల మీద ఒత్తిడి పడుతుంది. స్క్రూను అతిగా బిగించరాదు.

5. కరెంటు ఇవ్వకముందే మల్టీమీటరుతో ఐసీ రేకుకూ హీట్‌సింకుకూ మధ్య చూడాలి. బీప్ వస్తే మైకా చిరిగిందన్నమాట.

హెచ్చరిక: పై లెక్క ప్రకారం నిండు పనిలో హీట్‌సింక్ 85 డిగ్రీలకు చేరవచ్చు, చేయి కాలుతుంది. దాన్ని పెట్టె వెనుక బయటి వైపు, రెక్కలు నిలువుగా ఉండేలా పెట్టండి. పరుపులు, ట్రంకు పెట్టెల మధ్య నడపవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులుంటాయి కాబట్టి ప్లగ్ తీశాకే లోపల చేయి పెట్టండి.

ప్రాజెక్టు వైవాలో ఈ హీట్‌సింక్ ఇంత పెద్దది ఎందుకని అడిగితే, పై నాలుగు అంకెలు బోర్డు మీద వేసి చూపండి. ఎవరో చెబితే పెట్టామనే జవాబు మన విద్యార్థుల నోట రాకూడదని మా కోరిక.