అంబుడ్స్‌మన్ ఎవరి మనిషి?

మార్కాపురం

చిట్టీ,

గిద్దలూరు బ్యాంకులో చేరావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. నీ కౌంటరు ఎదుటి బోర్డు మీద ‘అంబుడ్స్‌మన్’ అని ఉందనీ, అదేం మాటో ఎవరూ చెప్పలేకపోయారనీ రాశావు. తెలుసుకోవలసిన మాటే అడిగావు.

అది స్వీడిష్ సమాసం. ‘ఒమ్’ అంటే చుట్టూ, గురించి. ‘బూడ్’ అంటే కబురు, ఆజ్ఞ. జర్మన్‌లో ‘బీటెన్’ దీని చుట్టమే. ‘ఒమ్’, ‘బూడ్’ కలిస్తే ‘ఒంబూడ్’, ఒకరి తరఫున నిలబడేవాడు. మధ్యలోని ‘స్’ షష్ఠీ విభక్తి గుర్తు. ఊరు, పెద్ద కలిసి ‘ఊరి పెద్ద’ అయినప్పుడు ఊరు ‘ఊరి’గా మారినట్టే. చివరి ‘మన్’కూ, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘మనిషి’కీ దూరపు బంధుత్వం ఉంది. స్వీడిష్‌కు మూలమైన పాత నార్స్ భాషలోనే ఈ సమాసం ఉంది. అప్పగించిన అధికారం కలవాడని అక్కడ అర్థం.

అధికారం ఎవరు అప్పగించారన్నదే అసలు సంగతి. పోల్తావా యుద్ధంలో ఓడి తురుష్కుల రాజ్యంలో తలదాచుకున్న స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్, స్వదేశంలో తన అధికారుల మీద నిఘాకు 1713లో ఒక అంబుడ్స్‌మన్‌ను పెట్టాడు. అతను రాజుగారి మనిషి. 1809 రాజ్యాంగంతో పార్లమెంటు తన సొంత అంబుడ్స్‌మన్‌ను ఎన్నుకునే ఏర్పాటు వచ్చింది. మాట మారలేదు, యజమాని మారాడు. ప్రపంచం ఎరువు తెచ్చుకున్నది ఈ రెండో అర్థాన్నే. రిజర్వు బ్యాంకు 1995లో బ్యాంకులకు ఈ వ్యవస్థ తెచ్చింది. ఉపాధి హామీ ఫిర్యాదులకు జిల్లాకో అంబుడ్స్‌మన్ ఉండాలని కేంద్రం 2009లో ఆదేశించింది.

కొమరోలు, రాచర్ల పల్లెల నుంచి పాసుపుస్తకం పట్టుకుని వచ్చే రైతుకు ఆ బోర్డు అర్థం కాదు. అందుకే నీ నోటితో చెప్పు: ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. పై అధికారి ముఖం చిట్లిస్తాడని వెనకాడకమ్మా. ఆ బోర్డు పెట్టింది ఖాతాదారు కోసమే.

ఇట్లు,
మీ పెదనాన్న