ఆయిల్ తాగే ఇంజిను



అరిగిన ఇంజిను ఆయిల్‌లో అదనంగా పోసే సీసా మందులు కొన్ని లోపాలను కప్పిపెడతాయి, ఒకటి రెండింటిని నిజంగానే బాగుచేస్తాయి. అరిగిపోయిన ఇనుమును మాత్రం తిరిగి తేలేవు. గోదావరిఖనిలో పాత టిప్పరు నడుపుకుని బతికే ప్రతి ఒక్కరికీ ఈ తేడా తెలిసి ఉండాలి. ఎన్టీపీసీ బూడిద లోడ్లకు బండి తిప్పుతూ, ఆయిల్ మార్చినప్పుడల్లా అందులో ఒక సీసా గుమ్మరిస్తున్న అల్లుడికి మరీ తెలిసి ఉండాలి. బండి ఆయిల్ తాగుతోందని అల్లుడు రాసిన ఉత్తరంలో సీసా మాట లేదు, అల్లుడి తల్లి అయిన అక్క ఫోన్‌లో చెప్పింది.

డబ్బాలో వచ్చే ఇంజిన్ ఆయిల్ వట్టి నూనె కాదు. అందులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా రసాయనాలే. జింకు, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ లోహం మీద పొరగా ఏర్పడి అరుగుదలను తగ్గిస్తుంది. 1940ల నుంచి వాడుకలో ఉన్న మందు అది. కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్లు కార్బన్‌ను కడిగి, ఆమ్లాలను విరుస్తాయి. డిస్పర్సెంట్లు మసిని గడ్డకట్టనీయకుండా ఆయిల్‌లోనే తేలుస్తాయి. అందుకే డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడితే భయపడాల్సిన పని లేదు. ఈ పాళ్లన్నీ ఇంజిన్ల మీద పరీక్షించి కలిపినవి. పైనుంచి ఇంకొకటి పోస్తే పాళ్లు మారతాయి, ఎటు మారాయో పోసినవాడికి తెలియదు.

సీసాల్లో ఒక రకం తేనెలా సాగే చిక్కటి పాలిమర్. అది కలిస్తే ఆయిల్ చిక్కబడుతుంది, రింగులను దాటి పైకి పోవడం తగ్గుతుంది. పొగ పలచబడుతుంది, చప్పుడు అణుగుతుంది, ప్రెషర్ గేజ్ ముల్లు లేస్తుంది. ఇవన్నీ కళ్లకు కనబడతాయి కాబట్టే డ్రైవర్లు నమ్ముతారు. లోపల రింగుకూ లైనర్‌కూ మధ్య సందు మాత్రం నిన్న ఎంతో ఈ రోజూ అంతే. పాలిమర్ నలిగి తెగిపోయాక పొగ మళ్లీ మొదలవుతుంది. తెల్లారగట్ల చల్లటి ఇంజిను స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిలే పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది.

టెఫ్లాన్ పొడి కలిపినవి మరో రకం. అమెరికాలో స్లిక్ 50 అనే సరుకు ఇంజినులో అరుగుదలను తగ్గిస్తుందని ప్రకటనలు గుప్పించింది. దానికి రుజువు లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో తప్పుపట్టింది, 1997 ఒప్పందంతో అలాంటి ప్రకటనలు ఆగాయి. అంతకుముందు 1995లోనే ఎస్‌టీపీ అనే మరో బ్రాండు సరుకుల ప్రకటనల మీద 8,88,000 డాలర్ల జరిమానా పడింది. క్లోరిన్ కలిసిన రకాలు ఇంకా చెడ్డవి. ఇంజినులో చేరే తేమతో కలిసి ఆమ్లమై బేరింగులను తినేస్తాయి.

పనికొచ్చే సందర్భాలు రెండున్నాయి. ఏళ్ల వేడికి ఆయిల్ సీలు గట్టిపడి చెమ్మ కారుతుంటే, రబ్బరును మెత్తబరిచే రకం కొంత పనిచేస్తుంది. సీలు చినిగితే పనిచేయదు. రెండోది, కార్బన్ పట్టి ఆయిల్ రింగు గాడిలో ఇరుక్కున్నప్పుడు. మంచి డిటర్జెంట్ రకం దాన్ని విడిపించగలదు. ఏళ్ల తరబడి మడ్డి పేరుకున్న ఇంజినులో మాత్రం ఆ పని ప్రమాదం. ఊడిన మడ్డి ఆయిల్ పాన్‌లోని జల్లెడకు అడ్డం పడితే ఆయిల్ అందక బేరింగులు పట్టేస్తాయి.

అసలు ఇనుము ఎందుకు అరిగిందన్నది సీసా మీద రాసి ఉండదు. ఈ ప్రాంతంలో దానికి జవాబు దుమ్ము. ఓపెన్‌కాస్ట్ గనుల్లో, అంటే ఓసీపీల్లో, బొగ్గు మీద తవ్విపోసేది చాలావరకు ఇసుకరాయి. అందులోని క్వార్ట్జ్ ఉక్కును గీస్తుంది. ఎన్టీపీసీ బూడిదలోనూ సిలికా, అల్యూమినానే ఎక్కువ. ఒక లీటరు డీజిల్ కాలాలంటే కనీసం పదివేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలంతా ఈ దుమ్ములోంచే రావాలి, మధ్యలో ఉన్న కాపలా ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే.

మామ ఓసీపీ వర్క్‌షాపులో కొత్తగా చేరినప్పటి హెడ్ ఫిట్టర్, డంపర్ ఆయిల్ తాగుతోందని ఎవరు చెప్పినా ఇంజినును ముట్టుకునేవాడు కాదు. ముందు ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం విప్పించి, తెల్లగుడ్డతో లోపల తుడిపించేవాడు. గుడ్డకు మట్టి అంటితే జబ్బు దొరికినట్టే. ఆ పని అయ్యేదాకా అన్నం గిన్నె విప్పేవాడు కాదు.  

ఫిల్టర్‌ను చక్రానికి గాలి కొట్టే కంప్రెసర్‌తో ఊదడం ఈ గనుల ప్రాంతంలో మామూలు అలవాటు. ఆ ఒత్తిడికి ఫిల్టర్ కాగితానికి చిల్లులు పడతాయి, అవి కంటికి కనబడవు. ఊదాల్సి వస్తే తక్కువ గాలితో, లోపలి నుంచి బయటికి ఊదాలి. లోపలుండే చిన్న ఫిల్టర్‌ను ఊదకూడదు, దులపకూడదు, మార్చాలి. క్లాంపు వదులైన గొట్టం ఒక్కటి ఉన్నా కొత్త ఫిల్టర్ వేసిన ఖర్చు వృథా.

ఇంజిను ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లను చూడాలి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆగకుండా నీలం పొగ వస్తే, నడుస్తున్న ఇంజినుకు ఆయిల్ మూత తీయగానే లోపలి నుంచి పొగ తన్నుకొస్తే, రింగులూ లైనర్లూ అయిపోయాయి. నల్ల పొగకు ఆయిల్‌తో సంబంధం లేదు. ఇంజెక్టర్లను, గాలి దారిని చూడాలి. ఆయిల్‌ను ల్యాబులో పరీక్ష చేయిస్తే సిలికాన్, ఇనుము పాళ్లు తెలుస్తాయి. రెండూ కలిసి పెరిగితే దుమ్ము లోపలికి పోతున్నట్టే.

రింగులు బాగుండి, ఆయిల్ కొద్దిగానే తగ్గుతుంటే కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్‌నే వేళకు మార్చుతూ, వారానికి రెండుసార్లు గేజ్ పుల్ల చూసుకుంటూ బండి నడుపుకోవచ్చు. లైనర్లు పోతే ఇంజిన్ పని తప్పదు. కిస్తీల మధ్య ఆ ఖర్చు అల్లుడికి ఎంత బరువో మామకు తెలుసు. సీసాల డబ్బు ఇకనుంచి దానికే దాచాలి, చాలనిది మామ సర్దుతాడు. బండిని షెడ్డుకు ఇచ్చిన రోజే మెకానిక్‌కు చెప్పి ఫిల్టర్ గొట్టం, రెండు క్లాంపులు కొత్తవి వేయించాలి. అవి వేయకుండా కొత్త లైనర్లు దింపనివ్వకూడదు.

— మామ