వెన్నునొప్పి సాకు కాదు

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. నాడు కూలీల వీపులు మోసిన బరువులను నేడు చాలవరకు క్రేనులు ఎత్తుతున్నాయి. అదే నగరంలో పుస్తకాల సంచి మాత్రం ఇంకా పిల్లల వీపుమీదనే ఉన్నది. తరగతిలో నడుము పట్టుకొని లేచిన విద్యార్థిని చూచి, “ఈ వయసులో నడుమునొప్పి ఏమిటి? చదువు తప్పించుకొనే సాకు!” అని మేమూ ఒకప్పుడు అనుకొన్నవారమే. ఆ పొరపాటును దిద్దుకొనడానికే ఈ నాలుగు మాటలు.

మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు, వాటి దిగువన అతుక్కొన్న మరికొన్ని పూసలు కలిసి వెన్నెముక అవుతున్నది. దానిని నిలబెట్టేవి కండరాలు. పిల్లలలో వచ్చే వెన్నునొప్పికి ఎక్కువగా ఆ కండరాల శ్రమే కారణం. గంటల తరబడి కదలక కూర్చొనడం, ఆటలు లేకపోవడం, నిద్ర చాలకపోవడం, పరీక్షల బెంగ దానిని పెంచుతాయి. ఇట్టి నొప్పి సాధారణంగా కొద్ది వారాలలో తగ్గుతుంది. మంచం పట్టడం దీనికి మందు కాదు. నడక, మితమైన వ్యాయామం మేలు.

సంచి బరువును గూర్చి 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో ఆవేదన వెలిబుచ్చారు. 1993లో యశ్‌పాల్ సంఘం చదువుల భారంపై నివేదిక సమర్పించింది. సంచి శరీరపు బరువులో పదోవంతు మించరాదని 2020 నాటి జాతీయ విధానం చెప్పింది. అనగా 40 కిలోల బాలునికి 4 కిలోలు. అయితే దోషమంతా సంచిదే అనడానికి పరిశోధనలు అంగీకరించవు.

కొన్ని లక్షణాలను మాత్రం ఉపేక్షించరాదు. రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్ల తిమ్మిరి లేదా బలహీనత, మూత్రంపై పట్టు తప్పడం కనిపిస్తే వెంటనే వైద్యుని చూడాలి. ఫాస్ట్ బౌలింగ్ చేసే కుర్రవానికి నడుము వెనుకకు వంచినప్పుడు నొప్పి పుడితే పూసలో సన్నని పగులు ఉండవచ్చు. మన దేశంలో వెన్నెముక క్షయ నేటికీ ఉన్నది. 1779లో పెర్సివల్ పాట్ వర్ణించిన ఈ వ్యాధి సకాలంలో మందులు వాడితే నయమవుతుంది. ఆలస్యమైతే గూని, కాళ్లు పడిపోవడం సంభవించవచ్చు. క్షయ మందులను ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. మన కింగ్ జార్జి ఆసుపత్రి దూరం కాదు.

విద్యార్థులారా, నొప్పిని దాచకండి. పీరియడుకు పీరియడుకు నడుమ లేచి నాలుగడుగులు వేయండి. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటే: పుస్తకాలు భద్రపరచుకొనే అరలు, ఎత్తుకు తగిన బల్లలు, సాయంత్రం ఒక గంట ఆట. అన్నిటికంటె ముందు, నొప్పి అన్న బిడ్డ మాటను నమ్ముదాం.