మాట తప్పిన సేనాపతులు

చదువవలసిన భాగములు: 1 రాజులు 16:8-22, 2 సమూయేలు 15:13-22, కీర్తన 15.



రాజుల మొదటి గ్రంథము పదునారవ అధ్యాయములో జిమ్రీ యను సేనాధిపతి కథ కలదు. ఇశ్రాయేలు రాజైన ఏలాకున్న యుద్ధరథములలో సగముమీద అతడు అధికారి. రాజు తిర్సాలో తన గృహనిర్వాహకుని యింట త్రాగి మత్తుడై యుండగా జిమ్రీ లోపలికి పోయి అతనిని చంపి, తానే రాజాయెను. గిబ్బెతోను ఎదుట దిగియున్న సైన్యము ఈ వార్త వినగానే, ఆ దినముననే దండులో తమ సేనాపతియైన ఒమ్రీని రాజుగా చేసికొనెను. జిమ్రీ ఏలుబడి ఏడు దినములే. తుదకు అతడు రాజనగరును తనమీదనే తగులబెట్టుకొని చనిపోయెను.

ఈ అధ్యాయమును మనలో అనేకులు త్వరగా చదివి దాటిపోవుదురు. ఎన్నడో జరిగిన రాజుల రక్తపాతమే గదా యనుకొందుము. అయితే ఇట్టి సంగతులే క్రీస్తుశకము నాలుగవ శతాబ్దములో, క్రైస్తవులైన చక్రవర్తులు ఏలుచుండిన రోమా సామ్రాజ్యములో, మరల మరల జరిగెను. మాట తప్పినవారిలో అనేకులు మన ప్రభువు నామమున ప్రమాణము చేసినవారే. కావున ఈ నెల ఆ చరిత్రను లేఖనముల వెలుగులో ధ్యానింతము.

1. ప్రమాణము, బహుమానము

ఆ కాలమునకు సమీపమున వెజీషియస్ అనునతడు సైనిక విద్యనుగూర్చి లాతీను భాషలో ఒక గ్రంథము వ్రాసెను. క్రొత్త సైనికుడు ఎట్లు ప్రమాణము చేయవలెనో అందులో తెలిపెను. దేవునిపేరటను, క్రీస్తుపేరటను, పరిశుద్ధాత్మపేరటను, ఆ తరువాత చక్రవర్తి ఘనతపేరటను అతడు ఒట్టుపెట్టుకొనవలెను. చక్రవర్తి ఆజ్ఞాపించినదెల్ల చేయుదుననియు, దండు విడిచి పారిపోననియు, రాజ్యము కొరకు చావుకైనను వెనుదీయననియు చెప్పవలెను. సైనికుని ప్రమాణమునకు లాతీనులో సాక్రమెంటుమ్ అని పేరు. బాప్తిస్మమునకును ప్రభురాత్రి భోజనమునకును సంఘము పెట్టుకొనిన పేరు ఇదే గదా! తెర్తుల్లియను మొదలైన పూర్వపు బోధకులు, బాప్తిస్మమునందు మనము పలుకు మాట సైనికుని ప్రమాణమువంటిదని బోధించిరి.

అయితే ఆ ప్రమాణము ప్రక్కనే మరియొక అలవాటు ఉండెను. క్రొత్త చక్రవర్తి సింహాసన మెక్కినప్పుడెల్ల సైనికులకు బహుమాన మియ్యవలెను. క్రీ. శ. 360లో పారిసునందు సైనికులు జూలియన్ అను రాజబంధువును డాలుమీద పైకెత్తి చక్రవర్తిగా ప్రకటించినప్పుడు, అతడు ఒక్కొక్కనికి 5 బంగారు నాణెములును ఒక పౌను వెండియు ఇచ్చెదనని మాట యిచ్చెను. ఇక ఆలోచింపుడి. పాత రాజు నిలిచియున్నచో సైనికునికి జీతమే. క్రొత్త రాజు వచ్చినచో జీతముతోకూడ బహుమానము. ప్రమాణము ఒకచేతను, లాభము మరియొకచేతను పట్టి లాగుచుండగా, మనుష్య హృదయము ఎటు మొగ్గును? యొర్దాను తీరమున తన్ను అడిగిన సైనికులతో బాప్తిస్మమిచ్చు యోహాను, మీ జీతముతోనే తృప్తిపడుడని చెప్పెను (లూకా 3:14). అది చిన్న సలహా కాదు. రాజ్యములు నిలుచుటయు కూలుటయు అందులో నున్నది.

2. సైన్యము విడిచిన చక్రవర్తి

383వ సంవత్సరమున పడమటి దేశములకు గ్రేషియన్ చక్రవర్తిగా ఉండెను. వయస్సు 24 సంవత్సరములు. అతడు భక్తిపరుడే, మిలాను బిషప్పైన అంబ్రోసునకు ఇష్టుడు. అయితే అలానులను పరజాతి భటులను అధికముగా ఆదరించుచున్నాడని అతని స్వంత సైనికులు కోపగించుకొనిరి. ఆ సమయమున బ్రిటనులోని దండు తమ సేనాపతియైన మాగ్నస్ మాక్సిమస్‌ను చక్రవర్తిగా ప్రకటించెను. మాక్సిమస్ సముద్రము దాటి గాలు దేశమునకు, అనగా నేటి ఫ్రాన్సునకు వచ్చెను. జూలియన్‌ను డాలుమీద ఎత్తిన ఆ పారిసు దగ్గరనే ఇరు సైన్యములు ఎదురుబడెను. కొన్ని దినములు చిన్న చిన్న పోరాటములు జరిగెను. అంతలో మొదట మూరు జాతి రౌతులు, తరువాత మిగిలినవారు, ఒక్కొక్క దళముగా మాక్సిమస్ పక్షమునకు చేరిపోయిరి. గ్రేషియన్ కొద్దిమంది రౌతులతో పారిపోయెను. ఆగస్టు 25న లియోను పట్టణమున మాక్సిమస్ సేనాపతియైన ఆండ్రగాథియస్ అతనిని చంపించెను. హాని చేయమని ఒట్టుపెట్టి, విందునకు పిలిచి చంపిరని అంబ్రోసు దుఃఖముతో వ్రాసెను.

మాక్సిమస్ ఐదు సంవత్సరములు ఏలెను. బాప్తిస్మము పొందినవాడనియు, సత్యమతమును కాపాడువాడనియు తన్నుగూర్చి చెప్పుకొనెను. 388లో తూర్పు దేశముల చక్రవర్తియైన థియొడోషియస్ అతనిమీదికి వచ్చి రెండు యుద్ధములలో ఓడించెను. మాక్సిమస్ అక్విలేయా పట్టణములో చిక్కెను. అతడు సింహాసనముమీద కూర్చుండి సైనికులకు డబ్బు పంచిపెట్టుట మొదలుపెట్టగానే శత్రువులు అతనిని క్రిందికి లాగిరని జోసిమస్ అను చరిత్రకారుడు వ్రాసెను. ధనముతో కొనిన విశ్వాస్యత ధనము చేతిలో నుండగనే చేయి జారిపోయెను! ఆగస్టు 28న అతని తల తీసిరి. ఓడలమీద నున్న ఆండ్రగాథియస్ ఆ వార్త విని సముద్రములో దుమికి చనిపోయెను.

3. పలకమీద వ్రాసిన పదవులు

థియొడోషియస్ గ్రేషియన్ తమ్ముడైన రెండవ వాలెంటీనియన్‌ను పడమట నిలిపి, ఆ యౌవనస్థునికి తోడుగా ఫ్రాంకు జాతివాడైన ఆర్బోగాస్ట్ అను సేనాపతిని ఉంచెను. పేరునకు వాలెంటీనియన్ చక్రవర్తి, అధికారము సేనాపతిది. ఒక దినమున చక్రవర్తి అతనిని పదవినుండి తొలగించుచు ఉత్తరము చేతికియ్యగా, ఆర్బోగాస్ట్ దానిని చదివి, ఈ పదవి నీవిచ్చినది కాదు, నీవు తీయజాలవని చెప్పి, అందరి యెదుట చించివేసెనట. 392 మే 15న వాలెంటీనియన్ వియెన్ పట్టణములో ఉరికి వ్రేలాడుచు కనబడెను. వయస్సు 21 సంవత్సరములు. అది హత్యయో ఆత్మహత్యయో నేటివరకు తేలలేదు. బాప్తిస్మ మిచ్చుటకు రమ్మని అతడు అంబ్రోసునకు కబురంపియుండెను. ఆ బిషప్పు చేరకముందే మరణించెను.

ఆర్బోగాస్ట్ యూజీనియస్ అను ఒక పండితుని చక్రవర్తిగా కూర్చుండబెట్టెను. 394 సెప్టెంబరు 5, 6 తేదీలలో ఫ్రిగిదుస్ నది యొద్ద, అనగా నేటి స్లోవేనియా దేశములో, థియొడోషియస్ వారిని ఎదుర్కొనెను. మొదటి దినమున థియొడోషియస్ సైన్యము చాల నష్టపడెను. రెండవ దినమున గొప్ప గాలి వీచి శత్రువుల ముఖములమీద దుమ్ము కొట్టెననియు, వారి బాణములు వారిమీదికే తిరిగి వచ్చెననియు సంఘ చరిత్రకారులు వ్రాసిరి. చక్రవర్తి ప్రార్థనకు దేవుడిచ్చిన జవాబని వారు దానిని కొనియాడిరి. మన బోధకులును ఈ గాలి సంగతి ప్రసంగములలో చెప్పుట కలదు.

కాని అదే యుద్ధమునుగూర్చి సోజోమెన్ అను సంఘ చరిత్రకారుడు మరియొక సంగతి వ్రాసియున్నాడు. థియొడోషియస్ వెనుక పొంచియుండిన శత్రు దళముల నాయకులు, మాకు మంచి పదవులిచ్చినచో నీ పక్షమునకు వచ్చెదమని రహస్యముగా కబురంపిరి. చక్రవర్తి యొద్ద కాగితమును సిరాయు లేకపోయెను. అతడు ఒక పలక తీసికొని, ఎవరికి ఏ పదవియో దానిమీద వ్రాసి యిచ్చెను. వారు పక్షము మారిరి.

ప్రియులారా, గాలియు నిజమే, పలకయు నిజమే. అయితే మనము ప్రసంగములలో గాలినిగూర్చి చెప్పుదుము, పలకనుగూర్చి చెప్పము. దేవుడు మా ప్రార్థన వినెను అందుము. ఎవరికి ఏమి ఆశ చూపి మన పక్షమునకు త్రిప్పుకొంటిమో అది మరచిపోదుము. దేవుడు తన చిత్తము చొప్పున గాలిని పంపగలడు. అయితే మనము చేతులార వ్రాసిన పలకను ఆయన వ్రాసెనని చెప్పుటకు మనకు అధికారము లేదు.

4. గుడి వాకిట చేసిన ఒట్టు

థియొడోషియస్ 395 జనవరి 17న మిలానులో మరణించెను. పడమటి రాజ్యము అతని చిన్న కుమారుడైన హొనోరియస్‌కు వచ్చెను. బాలునికి సంరక్షకుడు స్టిలికో. ఇతని తండ్రి వాండలు జాతివాడు. భార్యయైన సెరీనా థియొడోషియస్‌కు అన్న కూతురు. స్టిలికో పదుమూడు సంవత్సరములు ఇటలీని కాపాడెను. 402లో గోతుల నాయకుడైన అలారిక్‌ను ఎదిరించి నిలిపెను. 406లో రాడగైసస్ దండును ఓడించెను. అతడు పరిశుద్ధుడని మేము చెప్పము. ఆశలు గలవాడు, రాజకీయములు నడిపినవాడు.

408లో ఒలింపియస్ అను అధికారి స్టిలికోమీద చాడీలు చెప్పి, చక్రవర్తి మనస్సు విరిచెను. టిసీనమ్ దండులో రోమా సైనికులు తిరుగబడి స్టిలికో స్నేహితులను చంపిరి. ఆ వేళ బొనోనియాలో స్టిలికోయొద్ద పరజాతి దళములు సిద్ధముగా ఉండెను. సెలవిమ్ము, పగతీర్చుకొందుమని వారు కోరిరి. చక్రవర్తి బ్రదికియున్నాడని తెలిసిన తరువాత స్టిలికో వారిని రోమా సైన్యముమీదికి పంపుటకు ఒప్పుకొనలేదు. అతడు రవెన్నాకు పోయి, రాత్రి ఒక దేవాలయములో ఆశ్రయము పొందెను. తెల్లవారగా సైనికులు వచ్చి, చంపుటకు కాదు, కావలియుంచుటకే ఆజ్ఞ గలదని బిషప్పు ఎదుట ప్రమాణము చేసిరి. స్టిలికో బయటికి రాగానే, మరణశిక్ష వ్రాసిన రెండవ ఉత్తరమును తీసిరి. అతని అనుచరులు విడిపించుటకు మీదికి రాగా, అతడే వారిని గద్దించి ఆపి, కత్తికి మెడ వంచెను. అది ఆగస్టు 22వ తేది.

తరువాత జరిగినది చూడుడి. ఇటలీ పట్టణములలోని పరజాతి సైనికుల భార్యాబిడ్డలను రోమా సైనికులు చంపిరి. వారి భర్తలును తండ్రులును, 30,000కు మించినవారు, అలారిక్‌తో చేరిపోయిరని జోసిమస్ చెప్పుచున్నాడు. 410 ఆగస్టు 24న అలారిక్ రోమా నగరములో ప్రవేశించి దోచుకొనెను. స్టిలికోను నరికిన హెరాక్లియన్‌కు ఆఫ్రికా అధికారము బహుమానముగా దొరికెను. 413లో అతడును చక్రవర్తిమీద తిరుగబడి, ఓడి, చంపబడెను. ఆ తిరుగుబాటులో పాలుగలవాడను అనుమానమున కార్తేజిలో మార్సెల్లినస్ అను భక్తుడైన అధికారిని అదే సంవత్సరము చంపిరి. భక్తుడైన అగస్టీను తన గొప్ప గ్రంథమైన దేవుని పట్టణమును వ్రాయ మొదలుపెట్టినది ఈ మార్సెల్లినస్ కోరికమీదనే. నిలుచునట్టి పట్టణమునుగూర్చి వ్రాయుచుండగనే, నిలువని రాజ్యము ఆ స్నేహితుని మ్రింగెను.

5. మనకు పాఠము

ఈ చరిత్రలో రోమా రాజ్యమును మొదట కూల్చినది గోతుల ఖడ్గము కాదు. రోమనులు తమలో తాము చేసికొనిన ప్రమాణములు చెల్లకపోయెను. ఎవని మాటను ఎవడును నమ్మలేని యింటికి గోడలెందుకు?

దీనికి ఎదురుగా గిత్తీయుడైన ఇత్తయిని నిలుపుడి. అతడు పరదేశి, దావీదునొద్దకు నిన్నగాక మొన్న వచ్చినవాడు. అబ్షాలోము పక్షమున జనమంతయు చేరుచుండగా, దావీదు చెప్పులు లేక ఏడ్చుచు కొండ ఎక్కుటకు పోవుచుండెను. ఇయ్యుటకు అతనియొద్ద పదవియు లేదు, ధనమును లేదు. పైగా, తిరిగి పొమ్మని తానే సెలవిచ్చెను. అయినను ఇత్తయి చావైనను బ్రదుకైనను రాజున్న చోటనే యుందునని చెప్పి, తన పిల్లలతోకూడ వాగు దాటెను. లాభము లేని దినమున నిలిచినదే విశ్వాస్యత. పదునైదవ కీర్తనలో యెహోవా గుడారములో నివసింపదగినవాని గుర్తులలో ఒకటి యిదే: తనకు నష్టము కలిగినను చేసిన ప్రమాణమును మార్చనివాడు.

మన సంఘములలో డాలుమీద ఎవరిని ఎత్తుట లేదు. అయితే పెద్దల ఎన్నిక వచ్చినప్పుడు విందు చేసినవాని వెంట నడచుట, కుమారునికి ఉద్యోగము చూపుదునన్నవానికి చేయెత్తుట, నిన్నటివరకు ఒకే బల్లయొద్ద రొట్టె తిన్నవానిని నేడు విడిచిపెట్టుట మనకు తెలియనివి కావు. మేము కాపరులమును దీనికి బయటివారము కాము. ఎవరు గెలుతురో చూచి పలుకుటకు మేమును శోధింపబడుదుము. మన బాప్తిస్మమునాడు, మన నిర్ధారణనాడు, పెండ్లినాడు సంఘమెదుట పలికిన మాటలను ఈ నెల ప్రభుబల్లకు వచ్చుటకు ముందు ఒక్కసారి జ్ఞాపకము చేసికొందము. ఆ మాట తప్పినచో, ఎవనియొద్ద తప్పితిమో వానియొద్దకు మొదట పోవుదము (మత్తయి 5:23-24).

మన యెడల మాట తప్పనివాడు ఒకడున్నాడు. శిష్యులందరు విడిచి పారిపోయిన రాత్రి ఆయన వారిని విడువలేదు. మనము నమ్మదగనివారమైనను ఆయన నమ్మదగినవాడుగా నుండునని పౌలు సాక్ష్యము (2 తిమోతి 2:13). ఆయన యందే మన మాటకు బలము కలుగును.

బైబిలు తరగతికి ప్రశ్నలు

(1) జిమ్రీని రాజుగా ఒప్పుకొనని సైన్యము ఒమ్రీని చేసికొనుటలో ఏమి భేదము కలదు? 1 రాజులు 16:21-22 చదివి చెప్పుడి.

(2) ఇత్తయి నిలుచుటకు ఏ లాభము కనబడుచుండెను?

(3) గాలిని చెప్పి పలకను దాచిన సంగతి మన సంఘ జీవితములో ఎక్కడ కలదు?

ప్రార్థన: ప్రభువా, మేము నీ యెదుట పలికిన మాటలు నీవు మరువలేదు, మేము మరచితిమి. మమ్మును క్షమించి, లాభము లేని దినమునను నీ ప్రక్కను మా సహోదరుల ప్రక్కను నిలుచు కృప మాకనుగ్రహింపుము. ఆమేన్.