ఊరి లెక్క

గుడివాడ నుండి మచిలీపట్టణమునకు పోవు రైలుమార్గమున గుడ్లవల్లేరు కలదు. దాని చుట్టును అంగలూరు, కౌతవరము, వడ్లమన్నాడు మొదలగు గ్రామములు వరిచేల నడుమ నెలకొని యున్నవి. అట్టి యొక గ్రామమున ఎందరు జనులున్నారని యడిగినచో, ఒక సంఖ్యను చెప్పవచ్చును. కాని ఆ సంఖ్యలోని మనుష్యులెవరో, ఎట్లు జీవించుచున్నారో తెలిసికొన్నప్పుడే ఊరు తెలిసినట్లగును.

మన దేశమున 1881 నుండి 2011 వరకు పదేండ్ల కొకసారి జనాభా లెక్కలు జరిగినవి. 2021లో జరుగవలసినవి కరోనా వలన వాయిదాపడినవి. 2011లో దేశ జనసంఖ్య సుమారు 121 కోట్లు. నాటి కృష్ణా జిల్లా జనసంఖ్య సుమారు 45 లక్షలు. గణకులు ఇంటింటికిని పోయి ప్రతివారి వయస్సు, చదువు, వృత్తి మున్నగు వివరములు వ్రాసికొనిరి. ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి వారున్నచోటనే లెక్కించిరి. భాగ్యవంతుడైనను, నిరుపేదయైనను ఈ లెక్కలో ఒక్కడే.

డెల్టా గ్రామమున భూమియే ప్రధాన జీవనాధారము. కృష్ణానది నీరు కాలువల ద్వారా వచ్చి సార్వా వరిని పండించును. కోతకు కొన్ని దినములు ముందుగా ఆ చేనిలోనే మినుములు చల్లుదురు. పూర్వము కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి తమ పనికి ప్రతిఫలముగా కళ్ళములో ధాన్యము పొందుచుండిరి. ఇట్లు ఒకరిపై నొకరు ఆధారపడి బ్రతికినను, వాడలు మాత్రము కులములను బట్టి వేరువేరుగా నుండెడివి. కొందరిని ఊరికి వెలుపలనే ఉంచిరి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. ఐనను ఆ పాత హద్దుల గుర్తులు పెక్కు గ్రామములలో నేటికిని కనబడుచున్నవి.

ఇక లెక్కల పట్టికను చూడుడు. సొంత భూమి దున్నువాడును, కౌలునకు తీసికొని దున్నువాడును 'సాగుదారు' అను ఒకే వరుసలో చేరుదురు. తుపాను వచ్చి పంట నేలపాలైనప్పుడు వారి కష్టములు ఒక్కటి కావు. మొదటివానికి భూమి మిగులును; రెండవవానికి కౌలు బాకీ మిగులును. కూలికి పోయి నాట్లు వేయు స్త్రీ పనివారి పట్టికలో చేరును. వంట, పిల్లల పెంపకము మొదలగు ఇంటిపనులతోనే తెల్లవారుజామునుండి రాత్రివరకు శ్రమించు స్త్రీ ఆ పట్టికలో చేరదు. చదువుకొని హైదరాబాదునకో, విదేశములకో పోయిన కుమారుని పేరు ఊరి లెక్కలో నుండదు. ఇంట మిగిలిన వృద్ధులే లెక్కకు వత్తురు.

అట్లని లెక్కలను తేలికగా చూడరాదు. పంచాయతీలలో షెడ్యూల్డు కులములకును, తెగలకును స్థానములను జనసంఖ్యను బట్టియే కేటాయింతురు. ఎక్కడ బడి కావలెనో, ఎక్కడ ఆసుపత్రి కావలెనో నిర్ణయించుటకును ఈ సంఖ్యలే ఆధారము. కావున ఊరి చివరి గుడిసెలోని కుటుంబమును గణకుడు మరచినచో, ఆ కుటుంబమునకు రావలసిన న్యాయమునకే లోపము కలుగును.

విద్యార్థులారా! మీ వీథిలోని ఇండ్లకు పోయి, ఎవరు ఏ పని చేయుచున్నారో, భూమి ఎవరిదో, దున్నువారెవరో, బడి మానిన పిల్లలెవరో మర్యాదగా అడిగి తెలిసికొనుడు. అంకెలను సరిగా కూడుట గణితము. అంకెల వెనుక నున్న తోడివారిని గుర్తించుట పౌరధర్మము.