ముందు పూస, తర్వాతే పుస్తకం

విశాఖపట్నం

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన ఇన్వాయిస్ కాపీలు అందాయి. నాలుగింటిలోనూ సరుకు పేరు 'గ్లాస్ బీడ్స్' అనే ఉంది కాబట్టి నాలుగింటికీ కస్టమ్స్ టారిఫ్ హెడ్డింగు 7018 వేసెయ్యొచ్చా అని అడిగావు. వెయ్యకూడదమ్మా. నువ్వు రాసిన వివరాలను బట్టి చూస్తే వాటిలో రెండు ఆ హెడ్డింగులోకే రావు. వచ్చే రెండూ వేర్వేరు కోడ్‌ల కిందికి వెళ్తాయి. ఇన్వాయిస్ రాసేవాడు అమ్మకం కోసం రాస్తాడు. కోడ్ వెయ్యాల్సింది మాత్రం సరుకును చూసి.

కోడ్‌లోని ఎనిమిది అంకెలనూ ఒక్క ముద్దగా చూడకు. మొదటి ఆరూ ప్రపంచ కస్టమ్స్ సంస్థ హార్మొనైజ్డ్ సిస్టమ్‌వి. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతినే దాదాపు అన్ని దేశాలూ పాటిస్తున్నాయి. చివరి రెండూ మనవి, 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూలులో ఉంటాయి. అందుకే ఎగుమతి సరుకు విషయంలో అమెరికా కొనుగోలుదారుకు మన ఎనిమిది అంకెలూ పంపి ఇవే వాడుకోమనకు. వాళ్ల టారిఫ్ పది అంకెలది. ఆరు దాటాక వాళ్ల దారి వాళ్లదే.

ఇక నీ నాలుగు సరుకులు.

మొదటిది జపాన్ నుంచి వచ్చే కుట్టుపూసలు. మధ్యలో బెజ్జం, దారానికి ఎక్కించడానికి తయారైన గాజు. ఇది 7018 10 20. దారాలకు గుచ్చి గుత్తులుగా వచ్చినా పూస పూసే. ఆ దారం రవాణా కోసమే తప్ప మెడలో వేసుకోవడానికి కాదు. ఇక్కడే ఒక చిక్కుంది. ప్యాకెట్ మీద 11/0, 15/0 అని ఉంటుంది. అవి వ్యాపారంలో వాడే సైజు నంబర్లు, మిల్లీమీటర్లు కావు. 11/0 పూస సుమారు 2 మిల్లీమీటర్లు, 15/0 సుమారు ఒకటిన్నర. 'పూస ఎంత సన్నగా ఉందో చూడండి, మైక్రోస్ఫియర్స్ కింద వేసెయ్యండి' అనే పార్టీలు ఉంటారు. ఒప్పుకోకు. ఒక మిల్లీమీటరు లోపే ఉన్నా బెజ్జం ఉన్న పూస మైక్రోస్ఫియర్ కాదు. నిండు గాజుతో, పూర్తి గుండ్రంగా ఉండే గింజలనే హార్మొనైజ్డ్ సిస్టమ్ ఎక్స్‌ప్లనేటరీ నోట్స్ ఆ పేరుతో వర్ణించాయి.

రెండోది సరిగ్గా అలాంటి గింజే. రోడ్డు గీతల మీద చల్లేది. రాత్రి హెడ్‌లైట్ వెలుగును తిప్పికొట్టి గీత మెరిసేలా చేసేది ఇదే. దీనికి 7018 20 00. అయితే టారిఫ్ పెట్టిన హద్దు ఒక మిల్లీమీటరు. కాబట్టి తయారీదారు నుంచి జల్లెడ పరీక్ష రిపోర్టు తెప్పించుకో. అంతకంటే పెద్ద గింజలైతే ఈ కోడ్ కుదరదు. అప్పుడు తదుపరి పనితనమేమీ చెయ్యని గాజు ఉండల గురించి చెప్పే 7002 దగ్గర్నుంచి మళ్లీ చదువుకుంటూ రావాలి.

మూడోది ఇనుము తుప్పు గీకడానికి వాడే గాజు. గింజలు పలుకులుగా, అంచులు విరిగి ఉన్నాయని రాశావు. దాన్ని ఎవరేమని పిలిచినా అది గుండ్రని పూస కాదు, గాజు రవ్వ. పొడి, రవ్వ, రేకుల రూపంలో ఉన్న గాజుకు 3207 ఉంది. 70వ అధ్యాయం మొదటి నోటే ఆ హెడ్డింగు సరుకును బయటికి పంపేస్తుంది. అధ్యాయం నోట్స్ చదవకుండా హెడ్డింగు వెతికేవాళ్లు ఇక్కడే జారిపడతారు.

నాలుగోది కొక్కెం బిగించిన పూసల దండలు. పూస దండగా మారి ఒంటిమీదికి వచ్చేసింది కాబట్టి ఇమిటేషన్ జ్యూయలరీ, 7117. అలాగని ఒంటికి పెట్టుకునేదల్లా 7117 అనుకోకు. గాజుతో చేసిన గాజులకు మన టారిఫ్‌లో 7018 10 10 అని విడిగా కోడ్ ఉంది.

పదార్థం విషయంలోనూ కంటిని నమ్మకు. ప్లాస్టిక్ పూసలది 39వ అధ్యాయం, ఇత్తడి పూసలది 8308, అసలు ముత్యాలది 7101. భూతద్దం, కొలిచే క్యాలిపర్, ఒక సూది నీ టేబుల్ సొరుగులో ఉండాలి. కాల్చిన సూది ఆనిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది, గాజు కరగదు. వీలైతే ఒకసారి తిరుపతి దగ్గర పాపానాయుడుపేట వెళ్లిరా. కరిగిన గాజును బోలు గొట్టంలా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేసే పద్ధతి అక్కడిది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన ప్రాచీన గాజు పూసల్లో చాలావరకు ఇలా సాగదీసిన గొట్టాల నుంచి వచ్చినవే. పూస ఎలా పుడుతుందో తెలిస్తే దాని బెజ్జం ఎలా ఉంటుందో, గుండ్రని గింజకు దానికి తేడా ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. 2011 నుంచి మనది సెల్ఫ్ అసెస్‌మెంట్. బిల్ ఆఫ్ ఎంట్రీలో కోడ్ వేసే బాధ్యత దిగుమతిదారుది, అతని తరఫున బ్రోకర్లమైన మనది. ఆఫీసర్ ఆ రోజు క్లియర్ చేసినంత మాత్రాన వ్యవహారం ముగిసినట్టు కాదు. డ్యూటీ తక్కువ కట్టారని తేలితే మామూలుగా రెండేళ్ల వరకు, కావాలని దాచారంటే ఐదేళ్ల వరకు కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ కింద నోటీసు రావచ్చు. ఎగుమతిలోనూ అంతే. ఎగుమతిదారుకు పన్నులు వాపసిచ్చే రోడ్‌టెప్ పథకం రేటు ఆ ఎనిమిది అంకెలను బట్టే వస్తుంది. జపాన్‌తో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద దిగుమతి డ్యూటీలో రాయితీ అడిగితే కోడ్‌తోపాటు సరుకు ఎక్కడ పుట్టిందో కూడా రుజువు చూపాలి. ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు, కలిపెయ్యకు.

పార్టీ నీ ముందు కూర్చుని 'పాత బ్రోకర్ ఈ కోడే వేసేవాడు, డ్యూటీ కూడా తక్కువ' అంటాడు. రేటు చూసి కోడ్ వెతకడం అంటే తీర్పు రాసుకుని సాక్షుల కోసం తిరగడమే. పాత కోడ్ ఎందుకు వేశారో కాగితం ఉంటే చూపించమను. కారణం సబబుగా ఉంటే ఒప్పుకో. లేకపోతే నీ అభిప్రాయం ఈమెయిల్‌లో రాసి పంపు. సరుకు నిజంగానే రెండు హెడ్డింగుల మధ్య ఊగుతుంటే, అది మళ్లీ మళ్లీ వచ్చే సరుకైతే, ముందుగానే కోడ్ తేల్చిచెప్పే అడ్వాన్స్ రూలింగ్‌కు వెళ్లమని చెప్పు. చట్టమో వాస్తవాలో మారకపోతే అది కొన్నేళ్లపాటు చెల్లుతుంది. అయినా వినకుండా తప్పు కోడే వెయ్యమంటే, ఆ సంగతి డిప్యూటీ కమిషనర్ లేదా అసిస్టెంట్ కమిషనర్ దృష్టికి తీసుకెళ్లడం 2018 బ్రోకర్ల లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం మన విధి. ఆ మాట కోపంగా కాకుండా నెమ్మదిగా చెబితే చాలామంది దారికి వస్తారు. రాని పార్టీని వదులుకో.

ఇవాళ్టి నుంచి ఒక అలవాటు చేసుకో. ప్రతి కొత్త సరుకుకూ ఒక పేజీ రాయి: అది దేనితో చేసింది, కొలత ఎంత, ఏ రూపంలో వచ్చింది, ఏ నోట్ చదివావు, ఏ హెడ్డింగు కాదనుకున్నావు, ఎందుకు. నమూనా చిన్న కవరులో పెట్టి ఆ పేజీకి పిన్ చెయ్యి. 2028 జనవరి 1న హార్మొనైజ్డ్ సిస్టమ్ కొత్త కూర్పు వస్తోంది. అప్పుడు కోడ్‌లు మారినా నీ పేజీలో రాసిన సరుకు మారదు కాబట్టి, కొత్త పుస్తకంలో దాని చోటు వెతుక్కోవడం తేలిక.

ఆ మూడో ఇన్వాయిస్ పార్టీకి రేపే ఫోన్ చేసి నమూనా తెప్పించు. నమూనా నీ చేతికి వచ్చేదాకా బిల్ ఆఫ్ ఎంట్రీ ఫైల్ చెయ్యకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న